బడిపిల్లల దుస్తులు, కేశములు, సమన్యాయము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగపాఠము)



గ్రంథాలయమునకు వచ్చు పాఠకుని “నీవేమి కట్టితివి? నీ జుట్టెట్లున్నది?” అని ఎవరును ప్రశ్నింపరు. పొలమునుండి వచ్చినవాడు కాళ్లు కడిగికొని పత్రిక చేతబట్టును. పట్టణమున చదివి వచ్చినవానికి బల్లమీద ఎంత స్థలము కలదో అతనికిని అంతే స్థలము. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసిన నాటినుండి ఈ ప్రాంతపు పల్లెలు గ్రంథాలయమునుండి కోరుచున్నది ఈ మర్యాదనే.

పెద్దలకు గ్రంథాలయమున లభించు ఈ మర్యాద పిల్లలకు బడిలో లభించుచున్నదా? రజతోత్సవవేళ ఆలోచింపదగిన ప్రశ్న ఇది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు బడులలో యూనిఫారము సర్వసాధారణమైనది. జుట్టు ఎట్లుండవలెనో చెప్పు నియమములును పెక్కుచోట్ల కలవు. ఆ నియమములు బిడ్డలందరిని ఒకే కంటితో చూచుచున్నవా అనునదే నేటి విషయము.

ముందుగా యూనిఫారము వలని మేలును ఒప్పుకొనవలెను. ఒకప్పుడు మనిషి కులమును అతని బట్టయే చాటెడిది. ఎవరు పైపంచ వేసికొనవచ్చునో, ఎవరు చెప్పులు తొడిగి వీధిలో నడువరాదో ఊరి కట్టుబాటులు నిర్ణయించెడివి. తిరువాన్కూరు సంస్థానమున నాడారు స్త్రీలు పైవస్త్రము ధరించు హక్కుకై దశాబ్దములు పోరాడిన పిదపగాని 1859లో రాజశాసనము వెలువడలేదు. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ గుంటూరు లూథరన్ మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడై, 1941లో ‘గబ్బిలము’ను వెలువరించి మహాకవిగా వన్నెకెక్కెను. అంతటివానికిని కులము పేరిట అవమానములు తప్పలేదు.

అట్టి దేశమున భూస్వామి బిడ్డయు, కూలివాని బిడ్డయు ఒకే రంగు చొక్కాతో ఒకే వరుసలో నిలుచుట సామాన్యమైన విషయము కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో ‘జగనన్న విద్యాకానుక’ పేరిట బడిపిల్లలకు మూడు జతల గుడ్డ, బూట్లు, పుస్తకముల సంచి ఇచ్చుట ప్రారంభించెను. 2025లో అట్టి సామగ్రి ‘సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర’ అను పేరిట పంచబడినది. పేర్లు మారినను అందలి ధర్మమొక్కటే. బట్ట లేదను కారణమున బిడ్డ బడికి దూరము కారాదు.

అయినను చొక్కా చినిగిన బాలుని గుమ్మమువద్దనే నిలిపి “ఇంటికి పొమ్ము” అని పంపివేసినచో, బిడ్డలను కలుపుటకై పుట్టిన నియమము వేరుచేయు నియమముగా మారును. ఆ దినమున అతడు పోగొట్టుకొనునది చొక్కా కాదు, పాఠము.

ఇక జుట్టు సంగతి. బట్టను ప్రభుత్వమీయగలదు, జుట్టు పుట్టుకతో వచ్చునది. ఒకరిది పట్టువలె జారును, ఒకరిది ఉంగరములు తిరుగును, ఒకరిది ఎంత దువ్వినను లేచి నిలుచును. “నూనె రాచి నున్నగా దువ్వవలెను” అను నియమము మొదటివానికి ఒక నిమిషపు పని, మూడవవానికి నిత్యశిక్ష. “అందరికిని ఒకే నియమము పెట్టితిమి గదా, పక్షపాతమెక్కడిది?” అని నియమకర్తలు అడుగవచ్చును. మాట ఒకటే కావచ్చును గాని బరువు ఒకటి కాదు. ఒకే కొలత చొక్కాను అందరికిని కుట్టించి, పట్టనివాని దేహమును తప్పుపట్టుట న్యాయమగునా?

పైగా ఈ నియమములు శాశ్వతములును కావు. గడచిన శతాబ్దపు తొలిదినములలో పిలక తీసి క్రాపు పెట్టుకొన్న విద్యార్థిని చూచి “కులము చెడినది” అని పెద్దలు వగచిరి. కొన్ని దశాబ్దములు గడచునప్పటికి ఆ క్రాపే క్రమశిక్షణకు గుర్తయి, పిలకయే పరిహాసపాత్రమైనది. ఒక తరము తప్పన్నది మరియొక తరమునకు మర్యాదయైనప్పుడు, జుట్టును చూచి బిడ్డ గుణమును నిర్ణయించుట తొందరపాటు.

రూపమును, పుట్టుకను చూచి గుణమును నిర్ణయించుటవలని కీడు ఎంతటిదో ఈ ప్రాంతమునకు తెలియనిది కాదు. బాపట్లకు చేరువనున్న స్టూవర్టుపురము అందులకు సాక్షి. ఆంగ్లప్రభుత్వము 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టమును 1911లో సవరించి మద్రాసు రాజధానికిని వర్తింపజేసెను. 1913లో సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున ఎరుకలవారికై ఇచ్చట సెటిల్‌మెంటు వెలసినది. మద్రాసు ప్రభుత్వమున ఉన్నతాధికారియైన హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టబడినది. నేరము చేసినవాడే గాక, ఆ కులమున పుట్టినవాడును అనుమానితుడయ్యెను. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను గాని చూపు రద్దగుటకు చట్టము చాలదు. ఎరుకల బాలుడు జుట్టు కొంచెము పెంచినచో “వీని వాలకము చూడుము” అనియు, కలవారి బిడ్డ పెంచినచో “వయసు ముచ్చట” అనియు అనువారు నేటికిని ఉన్నచో, ఆ పాత చట్టము నోటిమాటలో ఇంకను బ్రతికియున్నట్లే.

రేపల్లె, నిజాంపట్నం తీరమున చేపలు, పీతలు పట్టి జీవించు యానాది కుటుంబముల బిడ్డలను తలచుకొనుడు. ఉప్పుగాలియు, ఎండయు వారి జుట్టును ఎండగట్టును. తెల్లవారకమున్నే తల్లి పనికి పోయిన ఇంట రెండు జడలు అల్లి రిబ్బను కట్టువారెవరు? అట్టి బాలికను తరగతియెదుట నిలిపి జుట్టును వెక్కిరించినచో, ఆమెకు అర్థమగునది పరిశుభ్రత కాదు. “ఈ చోటు నాది కాదు” అనునదే. మరునాటినుండి బడి మానిన బిడ్డను హాజరుపట్టీ అడుగును గాని, ఆమె మానుటకు కారణము ఆ పట్టీలో కనబడదు.

మాటతో ఆగక కత్తెర పట్టిన ఘటనలును కలవు. 2024 నవంబరులో అల్లూరి సీతారామరాజు జిల్లా జి. మాడుగులలోని ఒక బాలికా విద్యాలయమున, ఉదయపు ప్రార్థనకు ఆలస్యముగా వచ్చినారని బాలికల జుట్టు కత్తిరింపబడినది. జుట్టు మరల పెరుగును. పదిమందిలో పొందిన అవమానము అంత త్వరగా మాయదు. విద్యాహక్కు చట్టము, 2009లోని 17వ విభాగము శారీరకదండనను మాత్రమే గాక మానసిక వేధింపును గూడ నిషేధించినది. అవమానపరచుటకై బిడ్డ జుట్టు కత్తిరించుట ఈ రెండింటికిని చెందును.

ఈ ప్రశ్న తెలుగుదేశమునకే పరిమితమైనది కాదు. ఇంగ్లండులో బర్మింగుహాము నగరమున ఒక సిక్కు బాలుడు తలపాగ తీయడనియు, జుట్టు కత్తిరించుకొనడనియు ఒక పాఠశాల అతనిని చేర్చుకొనలేదు. 1983లో ఆ దేశపు ప్రభువుల సభ సిక్కులు జాతిసంబంధ చట్టపు రక్షణకు అర్హులనియు, ఆ తిరస్కారము చెల్లదనియు తీర్పు చెప్పినది. 1860లో మద్రాసునుండి తొలి ఓడ కూలీలను డర్బనుకు చేర్చినది మొదలు తెలుగు, తమిళ కుటుంబములు స్థిరపడిన దక్షిణాఫ్రికాలో, దక్షిణభారత సంతతికి చెందిన ఒక బాలిక ముక్కుపుడకను అక్కడి పాఠశాల అభ్యంతరపెట్టినది. 2007లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము, ఆ బాలికకు మినహాయింపు నిరాకరించుట అన్యాయమైన వివక్షయని నిర్ణయించినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము నీగ్రో సంతతివారి సహజమైన జుట్టును, జడల తీరును సాకుగా గొని బడిలోగాని ఉద్యోగమునగాని వివక్ష చూపరాదని 2019లో శాసనము చేసినది. భారత రాజ్యాంగపు 15వ అధికరణము మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను ఐదింటిని ఒకే వరుసలో పేర్కొని, వానినిబట్టి రాజ్యము వివక్ష చూపరాదన్నది. దూరదేశపు న్యాయస్థానములు చెప్పిన న్యాయమునకు ఆధారము ఇంటనే ఉన్నది.

అట్లని నియమములే వలదనుట కాదు. శుభ్రత కావలెను, క్రమము కావలెను. కాని ప్రతి నియమమును మూడు ప్రశ్నలతో తూచవలెను. ఇది చదువునకుగాని ఆరోగ్యమునకుగాని ఏ విధముగా తోడ్పడును? దీని బరువు ఏ ఇంటి బిడ్డపై ఎక్కువగా పడును? అదే ప్రయోజనమును నొప్పింపక సాధించు మార్గము లేదా? ఈ మూడింటికి నిలువని నియమమును సవరించుటయే పెద్దరికము.

ఇందులకు ధనము అట్టె అక్కరలేదు. పేలున్నచో మందు పెట్టింపవచ్చును; తల గొరుగుట అవసరము కాదు. కార్యాలయపు గదిలో ఒక దువ్వెన, ఒక నూనెసీసా, రెండు జతల అదనపు బట్టలు ఉంచినచో గుమ్మమునుండి త్రిప్పి పంపవలసిన బిడ్డ ఉండదు. చెప్పవలసిన మాటను ఏకాంతమున చెప్పవచ్చును. చట్టము నిర్దేశించిన పాఠశాల యాజమాన్య సంఘములలో తల్లిదండ్రులే అధిక సంఖ్యాకులు. నియమములను వ్రాతలో అడిగి, మాలపల్లె, యానాదుల పాక, ఎరుకలవారి వాడ తల్లుల మాటగూడ వినిన పిమ్మటనే వానిని అంగీకరించుట ఆ సంఘముల బాధ్యత.

గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా తలుపు తెరచి కూర్చున్నది. తల లోపల ఏమున్నదని అడిగినదే గాని, తలమీద ఏమున్నదని అడుగలేదు. బడియు ఆ ప్రశ్ననే అడిగిననాడు ఈ రజతోత్సవమునకు సార్థకత చేకూరును.

స్వస్తి.