రాతప్రతి పంపిన తరువాత
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయినేడు ఇదే వేదిక మీద ‘అమ్మల పుస్తకం వస్తోంది’ అని మేమే ప్రకటించాం. మీలో కొందరు అక్కడికక్కడే చందాలు రాయించారు. ఏడాది తిరిగింది, పుస్తకం ఇంకా రాలేదు. ఆ చందాల్లో ఒక్క రూపాయి కూడా మేము తీసుకోలేదు. ఎందుకు రాలేదో, ఎందుకు తీసుకోలేదో చెప్పడం మా బాధ్యత.

పాత గుంటూరులో మన సొసైటీ నడిపే సాయంత్రం ట్యూషన్ కేంద్రంలో మేము ముగ్గురం పాఠాలు చెబుతున్న సంగతి మీకు తెలుసు. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చే తల్లులు మెట్ల మీద కూర్చుని చెప్పుకునే మాటలు వింటూ వింటూ, వీటిని రాసిపెట్టాలి అనుకున్నాం. మిరపకాయల తొడిమలు తీసేవారు, పరుపులు కుట్టేవారు, మిషను మీద జాకెట్లు కుట్టేవారు మొత్తం 19 మంది. తాము ఎందుకు చదువుకోలేకపోయారో, పిల్లల్ని ఎలా చదివిస్తున్నారో చెప్పారు. రెండేళ్లలో 212 పేజీలు అయింది.

పుస్తకం రాయడమే కష్టం, అచ్చు వేయించడం డబ్బుంటే అయిపోయే పని అని మేము అనుకున్నాం. డీటీపీ చేయించి, స్పైరల్ బైండింగ్ వేయించి, ఒకేసారి నలుగురు ప్రచురణకర్తలకు పంపాం. జత చేసిన ఉత్తరం రెండు పేజీలు. అందులో పుస్తకం గురించి నాలుగు వాక్యాలు, మిగతాదంతా మన సొసైటీ సేవల గురించి. ఆ నలుగురు అంతకుముందు ఏ పుస్తకాలు వేశారో కూడా చూడలేదు. ఒకరు కవిత్వం మాత్రమే వేస్తారట. పిల్లలకు ‘ప్రశ్న చదివి జవాబు రాయండిరా’ అని ముప్పై ఏళ్లుగా చెబుతున్న వాళ్లం మేము.

ఇంకొకరి దగ్గర్నుంచి జవాబే లేదు. మూడో ఆయన రెండు రోజుల్లో ఫోన్ చేసి ‘అద్భుతం సార్, వెంటనే వేద్దాం’ అన్నారు. 65 వేలు కడితే 500 కాపీలు, అందులో 400 మాకే ఇస్తారట. 212 పేజీలు రెండు రోజుల్లో చదివారా అని మాకు తట్టలేదు, పొంగిపోయాం. ‘ఆ నాలుగొందలూ ఎక్కడ పెడతారు మాస్టారూ?’ అని అధ్యక్షులవారు అడిగితే గానీ దిగిరాలేదు. మన ఆఫీసు గది అటక మీద పాత ప్రత్యేక సంచికల కట్టలు ఎన్ని ఉన్నాయో ఇక్కడున్న అందరికీ తెలుసు.

నాలుగోది విజయవాడలో ఇద్దరే మనుషులు నడిపే చిన్న సంస్థ. మేడ మీద ఒక గది, మెట్ల కిందే గోడౌన్, ఏడాదికి ఐదారు పుస్తకాలు. వాళ్లు మా రాతప్రతిని అరపేజీ ఉత్తరంతో తిప్పి పంపారు. మొత్తం ప్రతి ఇప్పుడు వద్దు. పుస్తకం ఏమిటో, ఎవరు చదువుతారో ఒక్క పేజీలో రాయండి. బాగున్నాయనుకున్న రెండు అధ్యాయాలు పంపండి. మీరెవరో ఐదు వాక్యాల్లో చెప్పండి. ఫైలు యూనికోడ్‌లో ఉండాలి, మూడు నెలలు ఆగాలి. ఇంతే.

ఆ ఒక్క పేజీ రాయడానికి మాకు మూడు వారాలు పట్టింది. ‘ఎవరు చదువుతారు’ అన్న చోట మొదట ‘సమాజంలోని అన్ని వర్గాలవారు’ అని రాసి మేమే కొట్టేశాం. చివరికి ‘మొదటి తరం పిల్లలకు చదువు చెప్పే టీచర్లు, ఆ పిల్లలు పెద్దయ్యాక’ అని రాశాం. యూనికోడ్ కథ వేరు. అను ఫాంట్‌లో కొట్టించిన దాన్ని మారిస్తే సగం ఒత్తులు ఎగిరిపోయాయి. రంజాన్ సెలవుల్లో కూర్చుని దిద్దుకున్నాం.

మూడు నెలలు అన్నారు, నాలుగో నెలలో జవాబు వచ్చింది. ఒకటే ప్రశ్న: ‘ఇందులో అమ్మలు ఎక్కడ మాట్లాడుతున్నారు, మీరు ఎక్కడ మాట్లాడుతున్నారు?’

మాకు కోపం వచ్చింది. మాటలన్నీ అమ్మలవే కదా! పాత నోటు పుస్తకాలు తీసి పక్కన పెట్టుకుని చూశాం. ఒకమ్మ చెప్పింది ఇది: ‘పిల్లోడు బడికి పోతానన్నాడు సార్, నాకు అన్నం తిన్నట్టయింది.’ మేము రాసింది ఇది: ‘మా కుమారుడు పాఠశాలకు వెళ్లుటకు సుముఖత చూపగా నాకు ఎనలేని సంతోషం కలిగినది.’ ఫుప్పూ అన్న చోట మేనత్త అని, నానీ అన్న చోట అమ్మమ్మ అని మార్చేశాం. ఎవరూ అడగలేదు. చేతిలో ఎర్ర పెన్ను ఉంటే చాలు, కనబడిందల్లా దిద్దుతాం. మీలాంటి పెద్దలు చదివి మెచ్చుకోవాలని, మా అమ్మలు ఇంత చక్కగా మాట్లాడతారని అనిపించుకోవాలని దిద్దాం. ఇది మాకూ మీకూ మధ్య దాచకూడని మాట.

ప్రచురణకర్త మమ్మల్ని రెండు పుస్తకాలు చదవమన్నారు. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ చిత్తూరు పల్లె మాటలో ఉంటుంది. 1999లో వచ్చిన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ నెల్లూరు సీమలోని మన ఇళ్ల మాట. రెండోది మాలో ఒకరి ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఉంది. చదివి నవ్వుకుని బీరువాలో పెట్టేశామే గానీ, అలా రాయవచ్చని మాకు తోచలేదు. 212 పేజీలు మళ్లీ రాస్తే 160 అయింది.

ఆ తరువాత వాళ్లు పెట్టిన షరతు మరీ కష్టమైంది. ప్రతి అమ్మకూ ఆమె భాగాన్ని చదివి వినిపించి, ఒప్పుకుంటే సంతకమో వేలిముద్రో తీసుకోమన్నారు. ‘చెప్పినప్పుడే ఒప్పుకున్నారు కదండీ’ అన్నాం. ‘మీకు చెప్పడానికి ఒప్పుకున్నారు, అచ్చుకి కాదు’ అన్నారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చదివాం. చాలామంది నవ్వారు, కొందరు తప్పులు దిద్దారు. ఒకమ్మ మాత్రం చివరిదాకా విని, కొంగు సర్దుకుని, ‘పేరు మారిస్తే చాలదు సార్. ఆ ఇల్లు, ఆ బావి రాశారుగా, మా ఆయన అన్నదమ్ములకు నేనేనని తెలుస్తుంది. నా బిడ్డ పెళ్లి కావాలి’ అంది.

అది మా పుస్తకంలో మొదటి అధ్యాయం. మేము నమూనాగా పంపిన రెండింటిలో ఒకటి. ప్రచురణకర్తను ఒప్పించింది అదే. బావి తీసేస్తాం, ఊరు మారుస్తాం అని రెండుసార్లు వెళ్లి అడిగాం. రెండోసారి ఆమె టీ ఇచ్చింది, ఆ విషయం మాత్రం మాట్లాడలేదు. మూడోసారి వెళదామా అని మాలో మేము గట్టిగానే వాదించుకున్నాం. ఆమె బిడ్డ మన ట్యూషన్‌లో చదువుతోంది, మన సొసైటీ స్కాలర్‌షిప్ తీసుకుంటోంది. ఇంకోసారి అడిగితే ఆమె కాదనగలదా? ఈ మాట మాలోని మేడమ్ అడిగాక మిగతా ఇద్దరం నోరు మూసుకున్నాం. అధ్యాయం తీసేశాం, ఆ నోటు పుస్తకం ఆమెకే ఇచ్చేశాం. విజయవాడకు భయపడుతూ ఫోన్ చేస్తే, ‘తీసేయండి, రెండోది మొదటిదవుతుంది’ అన్నారు అంతే. పుస్తకం కొంచెం బలహీనపడిందని మాకు తెలుసు.

ఇక డబ్బు సంగతి. పోయినేడు మన దాతల్లో ఒకరు అచ్చు ఖర్చంతా భరిస్తామని, ముందు పేజీలో వారి కీర్తిశేషులైన తండ్రిగారి ఫొటో వేయమని కోరారు. న్యాయమైన కోరికే, ఇలాంటి సంచికల్లో మనం వేస్తూనే ఉన్నాం. ప్రచురణకర్త ఒప్పుకోలేదు. ‘అచ్చు ఖర్చు మాది. డబ్బు తీసుకుంటే పుస్తకం బాగాలేకపోయినా వేయాల్సి వస్తుంది. ముందు పేజీలో ఫొటో చూస్తే షాపులో చేతిలోకి తీసుకున్నవాడు సావనీర్ అనుకుని కింద పెడతాడు’ అన్నారు. సావనీర్‌లో అచ్చయ్యే ప్రసంగంలో ఈ మాట చెబుతున్నందుకు సంపాదకవర్గం మన్నించాలి.

లెక్క కూడా చూపించారు. 500 కాపీలు, వెల 150. అమ్మిపెట్టే షాపుకు 40 శాతం, అంటే 60 రూపాయలు. రాయల్టీ 10 శాతం, 15 రూపాయలు. మిగిలిన 75లో కాగితం, అచ్చు, బైండింగ్, డీటీపీ, ముఖచిత్రం, పోస్టేజీ. పుస్తకాలన్నీ అమ్ముడుపోతే మొత్తం రాయల్టీ 7,500. ఒప్పందంలో మా పేర్లు సేకర్తలుగానే ఉంటాయి, రాయల్టీ 18 మంది అమ్మలకూ వెళ్తుంది. తలా 416 రూపాయలు. ఈ మాట చెబితే ఒకమ్మ ‘ఇస్తారు సరే, ఎప్పుడిస్తారు?’ అని అడిగింది. అది కూడా ఒప్పందంలో రాయించాం, ఏటా మార్చి తరువాత.

ఇంత చిన్న లెక్కలతో వీళ్లు ఎలా బతుకుతారో అనిపిస్తుంది. కానీ తెలుగులో మనం గుర్తుపెట్టుకునే పుస్తకాలు కొన్ని ఇలాంటి చిన్నవాళ్ల చేతి నుంచే వచ్చాయి. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేయబట్టే, అలెక్స్ హేలీ ‘రూట్స్’ సహవాసి తెలుగులో ‘ఏడు తరాలు’గా మన బడి స్టాఫ్ రూముల దాకా వచ్చింది.

ఫొటో వద్దన్న మాట ఆ దాతగారికి చెప్పడానికి మేమే వెళ్లాం. నొచ్చుకున్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ‘మా నాన్న చదువుకోలేదు. ఆయన పేరు మీద బడులకు వంద పుస్తకాలు కొనవచ్చా?’ అని అడిగారు. కొనవచ్చు. పూర్తి వెల ఇచ్చి కొంటే, లోపలి అట్ట మీద గ్రంథాలయ కానుక అని ఆయన పేరుతో ముద్ర వేసుకోవచ్చు. దీనికి ప్రచురణకర్తకు అభ్యంతరం లేదు, సంతోషమే.

కాబట్టి మీ అందరికీ మా మనవి ఇది. పోయినేడు రాయించిన చందాలు రద్దయినట్టే. జకాత్ సొమ్ము ఈ పనికి అడగడం లేదు, అది స్కాలర్‌షిప్‌లకే వెళ్లాలి. ఇష్టమున్నవారు మీకు తెలిసిన బడికో గ్రంథాలయానికో ఎన్ని కాపీలు కావాలో రాయించండి. సభల్లో ఉచితంగా పంచడానికి మాత్రం వద్దు.

ప్రస్తుతం మూడో ప్రూఫు మా దగ్గర ఉంది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం నాటికి తెస్తామని ప్రచురణకర్త అంటున్నారు, మేము మాత్రం ఈసారి తేదీ చెప్పం. ఆర్డర్లు రాసుకునే పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది, మేడమ్ అక్కడే కూర్చుంటారు. బడి పేరు, ఊరు, పిన్‌కోడ్ విడమరచి రాయండి.