ఒక్క రక్తపు చుక్క చెప్పే కబురు
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఈని మూడు వారాలు కాలేదు, దాణా ముట్టదు, ఎండుగడ్డి మాత్రం నములుతుంది, పాలు తగ్గాయి. దిష్టి తగిలిందండీ" అనే మాట గ్రామాలలో మేము తరచు వింటుంటాము. అదే సమయంలో వెన్నశాతం పెరిగిందని సంతోషించేవారూ ఉన్నారు. ఈ రెండూ కీటోసిస్ అనే ఒకే జబ్బు లక్షణాలు కావచ్చును.

ఈనిన కొత్తలో పశువు తాను ఇచ్చే పాలకు తగినంత మేత తినలేదు. లోటు తీర్చడానికి ఒంట్లోని కొవ్వు కరుగుతుంది. అది మితిమీరితే కీటోన్లు అనే పదార్థాలు రక్తంలో చేరతాయి. ముదిరితే శ్వాసలో తియ్యని వాసన వస్తుంది. కాని ఆ వాసన అందరి ముక్కుకూ అందదు. పైకి ఏమీ కనిపించకుండానే పాలు తగ్గే దశ కూడా ఉంది.

దీనిని పట్టే సాధనం అరచేతిలో ఇముడుతుంది. షుగరు జబ్బువారు ఇంట్లో వాడే మీటరు మీరు చూసే ఉంటారు. ఎంజైమును విద్యుత్ ధ్రువానికి జతచేసి చక్కెరను కొలిచే మార్గాన్ని 1962లో అమెరికాలో క్లార్క్, లయన్స్ అనే శాస్త్రజ్ఞులు చూపారు. 1987లో పెన్నంత మీటరు బజారుకు వచ్చింది. పట్టీ చివరనున్న ఎంజైము రక్తపు చుక్కతో చర్య జరపగా స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. పదార్థం ఎంత ఉంటే విద్యుత్తు అంత. మీటరు దానిని అంకెగా చూపుతుంది.

మనుషులకై చేసిన కీటోన్ మీటరు ఆవులకూ పనికివస్తుందని పరీక్షలలో తేలింది. ఆవు రక్తంలో లీటరుకు 1.2 మిల్లీమోళ్లు, అంతకు మించి ఉంటే జాగ్రత్తపడాలి. అయితే చక్కెర పట్టీతో కీటోన్లు తెలియవు. పట్టీ కొనేటప్పుడు చూసి కొనండి.

అంకె హెచ్చుగా ఉంటే బెల్లం నీళ్లు పట్టించి ఊరుకోవద్దు. ఆ తీపి పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకే పోతుంది గాని చక్కెరగా రక్తానికి చేరదు. పశువైద్యుని పిలిపించండి. వారు నరంలోకి గ్లూకోజు ఎక్కిస్తారు, నోటిద్వారా ప్రొపిలీన్ గ్లైకాల్ పట్టిస్తారు. మేత మానిన ప్రతి పశువుకూ ఇదే జబ్బు కాదు గనుక అంకె తక్కువగా ఉన్నా వారికి చూపించాలి.

జబ్బు రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. చూడి పశువును మరీ కొవ్వెక్కనివ్వకండి. ఈనిన తర్వాత దాణా ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పెంచండి.

ఈనిన తొలి రోజులలో పోయిన పాలు ఆ ఈతలో తిరిగి రావడం కష్టం. ఆ పాల డబ్బు మీదే కదా పిల్లల చదువులు, అప్పుల వాయిదాలు ఆధారపడి ఉన్నాయి! ఒక్కరికి మీటరు కొనడం బరువైతే సంఘానికంతా ఒకటి కొనవచ్చును. పదిమంది పాలు ఒక క్యానులో పోయగలిగిన మనకు ఇది పెద్ద పని కాదు.