గాలిలో మాటకు దారి

మన ఫిజిక్సు మాస్టారి పేరున పూండిలో జరిగే ఈ సభలో మాట్లాడమన్నారు. ఆయనకు ఇష్టమైన వైర్‌లెస్సు గురించే చెబుతాను. గాలి అందరిదీ. అందరూ ఒక్కసారే మాట్లాడితే మాత్రం ఎవరి మాటా వినపడదు. ముందు ఎవరికి దారి ఇవ్వాలన్న తగాదా వైర్‌లెస్సు పుట్టిన నాటిదే.

1906లో బెర్లిన్‌లో కూర్చున్న దేశాలు ఎస్‌ఓఎస్‌ను ఆపద సంకేతంగా ఒప్పుకున్నాయి. ఆపదలో ఉన్న ఓడ కబురుకు మిగతావి తప్పుకోవాలన్నాయి. మరి ఆపదకు ముందు వచ్చే హెచ్చరికో? 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్‌లో ఆపరేటరు ప్రయాణికుల సొంత టెలిగ్రాములు పంపడంలో మునిగి ఉన్నాడు. దగ్గర్లోని కాలిఫోర్నియన్ ఓడ తన చుట్టూ మంచు ఉందని చెప్పబోతే, పని చెడగొట్టకు, నోరు మూసుకో అని కసిరాడు. డబ్బు కట్టినవాళ్ల కబుర్లు ముందు, మంచు సంగతి తర్వాత! ఆ కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు; అతని కొలువే అది. ఇప్పుడు సముద్రం మీద ఆపద, అత్యవసరం, భద్రత అని మూడు మెట్లున్నాయి. బోటులో వీహెచ్‌ఎఫ్ సెట్టున్న మన భావనపాడు వాళ్లకు ఆపద పిలుపుల 16వ ఛానల్ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

నేలమీద వరసను డబ్బే పెట్టింది. ట్రంకు కాల్ బుక్ చేసి ఎదురుచూసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్. ఎంత కడితే అంత ముందు.

1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి మన దేశపు తొలి సెల్‌ఫోన్ కాల్ వెళ్లింది. తర్వాత ఊరూరా వచ్చిన జీఎస్ఎంలో ఒక్కో తరంగాన్ని కాలంలో ఎనిమిది గడులుగా కోస్తారు. కాల్ కలిస్తే ఒక గడి మీదే, పెట్టేసేదాకా ఎవరూ లాక్కోరు. ఇంటర్నెట్టుకు మిగిలిపోయిన గడులే దక్కేవి. కొత్త కాల్ వస్తే వాటినీ వదులుకునేది. ఆ రోజుల్లో మాటే దొర.

తర్వాత తలకిందులైంది; మాట కూడా డేటాలో కలిసిపోయింది. మాటను ముక్కలుగా కోసి డేటాలా పంపొచ్చని 1974 నాటికే అమెరికాలో అర్పానెట్ మీద డానీ కోహెన్ బృందం చూపించింది. మాటకు చోటు కొంచెమే చాలు, ఓపిక మాత్రం లేదు. ఇరవై మిల్లీసెకండ్ల ముక్కలు, సెకనుకు యాభై. ఇటు నుంచి అటు చేరడానికి 150 మిల్లీసెకండ్లు దాటకపోతే మేలని అంతర్జాతీయ టెలికాం సంస్థ లెక్క. అది బాగా మించితే ఒకరి మాట మీద ఒకరు పడతారు. పెళ్లి ఫొటో రెండు సెకన్లు ఆలస్యమైతే పెళ్లి ఆగదు కదా!

మరి ఓపిక లేని మాటను ముందు వదిలేదెవరు? మన రైల్వే స్టేషన్లో ప్యాసింజర్‌ను లూప్‌లైన్లో నిలిపి మెయిల్‌ను వదలడానికి ఒక స్టేషన్ మాస్టరున్నాడు. వైఫైలో మామూలుగా ఆ మాస్టరు లేడు. గాలి ఖాళీ అయిందా అని ఎవరికి వారే విని, కాసేపు ఆగి, చీటీ తీసుకుంటారు. 2005లో వచ్చిన 802.11ఇ ప్రమాణం ఆ చీటీల్లో మొగ్గు పెట్టింది. మాటకు సున్నా నుంచి మూడు దాకా అంకె, మామూలు డేటాకు సున్నా నుంచి పదిహేను దాకా. చిన్న అంకె వచ్చినవాళ్లు ముందు పోతారు. అందరూ మాదీ మాటే అంటే? ఉన్నవి నాలుగు అంకెలే, ఢీకొనడం ఖాయం.

4జీలో మాస్టరు తిరిగొచ్చాడు. ఎవరు ఎప్పుడు పంపాలో టవరే చెబుతుంది. ఫోను కంపెనీ సొంత కాల్‌కు అక్కడ ప్రత్యేక తరగతి ఉంది: హామీగా వేగం, వంద మిల్లీసెకండ్ల గడువు. 2016 సెప్టెంబరు 5న మొదలైన జియోకు పాత పద్ధతి నెట్‌వర్కే లేదు, మాటంతా ఈ దారినే. కానీ గల్ఫ్ నుంచో అండమాన్ నుంచో మన కుర్రాడు చేసే వాట్సాప్ కాల్ మామూలుగా ఆ తరగతిలోకి రాదు. సినిమా పాటలతో పాటు అదే వరసలో నిలబడుతుంది. మన ఉద్దానంలో ఉన్న తల్లికి ఏ కాల్ ముఖ్యమో టవరుకేం తెలుసు?

అయితే డబ్బు తీసుకుని ఆ వాట్సాప్ కాల్‌ను ముందుకు జరపమందామా? వద్దంటాను. ఇంటర్నెట్టులో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చేయకూడదని 2018 జులైలో కేంద్రం ఒప్పుకుంది, కొన్ని ప్రత్యేక సేవలను మాత్రం పక్కన పెట్టి. ఆ గీత చెరిపితే మళ్లీ లైట్నింగ్ కాల్ రోజులే.

ఆ ఏడాదే అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. కరెంటు లేక టవర్లు మూగబోయిన చోట ఏ తరగతీ, ఏ హామీ పనికి రాలేదు. టవరు బతికున్న చోటే ముందు ఎవరన్న ప్రశ్న. విపత్తు వేళ సహాయక సిబ్బంది కాల్స్‌కు ముందుదారి ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇదివరకే సిఫారసు చేసింది. అలా ముందుదారి ఇచ్చే నంబర్ల జాబితా రాసేటప్పుడు కలెక్టరు, పోలీసు, ఆసుపత్రి ఎలాగూ గుర్తొస్తాయి. స్తంభమెక్కి కరెంటు తెచ్చే లైన్‌మన్ నంబరునూ, టవరు జనరేటరుకు డీజిల్ మోసే మనిషి నంబరునూ వాటి పక్కనే రాయమని నా మనవి.