మన పిల్లల మీద ఒప్పందం, మన సంతకం ఎక్కడ?

(హాలియాలో జరిగిన దళిత యువజనుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము మాట్లాడేది కొత్త సంగతి. ఉద్యోగం ఇప్పిస్తామని వాడల్లోకి వచ్చే శిక్షణ సంస్థల గురించి, ఆ సంస్థలు కంపెనీలతో చేసుకునే ఒప్పందాల గురించి. ఇవి చెడ్డవని చెప్పడానికి మేము రాలేదు. మన పిల్లల బతుకు మీద రాసుకునే ఆ కాగితంలో మనం ఎక్కడ ఉన్నామో చూద్దామని వచ్చాం.

ముందు మన ప్రాంతం సంగతి చూద్దాం. 1967లో సాగర్ కాలువకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పచ్చబడ్డాయి. వడ్లు పండాయి, మిల్లులు లేచాయి. వాడపల్లి, మేళ్లచెర్వు, మఠంపల్లి వైపు సున్నపురాయి ఉంది కనుక సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. దామరచర్ల దగ్గర వీర్లపాలెంలో 4000 మెగావాట్ల కరెంటు ప్లాంటుకు 2015లో శంకుస్థాపన చేశారు. అంటే మన చుట్టూ పని లేక కాదు. నాట్లు వేసిన చేతులు మనవి, బస్తాలు మోసిన వీపులు మనవి. కాటా గుమస్తా కుర్చీ, సార్టెక్స్ మిషన్ దగ్గరి నౌకరి, ఫ్యాక్టరీ ల్యాబు, కంట్రోల్ రూము మాత్రం మన పిల్లలకు అందలేదు. ఇంటి ముందు పొగగొట్టం కనపడుతుంటే పిల్లలు హైదరాబాద్ బస్సెక్కుతున్నారు.

ఇది ఈనాటి ఏర్పాటు కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరాని కులాల కార్మికులు వేల మంది ఉండేవాళ్లు. కానీ నేత విభాగంలోకి రానిచ్చేవాళ్లు కాదు. దారం తెగితే నోటితో తడిపి అతకాలి గదా, అది మైల అన్నారు. జీతం ఎక్కువ వచ్చేదేమో ఆ విభాగంలోనే. బాబాసాహెబ్ దీని మీద మిల్లు యజమానులనే కాదు, యూనియన్ నాయకులనూ నిలదీశారు. 1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో మాట్లాడుతూ కార్మికునికి బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ రెండూ శత్రువులేనని చెప్పారు. గేటు లోపలికి పోవడం ఒకటి, లోపల ఏ గదికి పోతామనేది ఇంకొకటి. ఈ తేడా ఆయన చెప్పిందే. దాన్ని ఈ రోజు కూడా మనం మరిచిపోవద్దు.

ఇక సంస్థల సంగతి. మన రాష్ట్రంలో ఈ పని ఇరవై అయిదేళ్లకు పైగా నడుస్తున్నది. డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1999లో 'ల్యాబ్స్' పేరుతో శిక్షణ మొదలుపెట్టింది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామీణ యువకుల ఉద్యోగాల కోసం ఒక మిషన్ పెట్టింది. పాత నల్లగొండ జిల్లాలోనే, పోచంపల్లి మండలం జలాల్‌పురంలో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ ఉంది. 2014లో కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన తెచ్చింది.

పద్ధతి తెలిసినవాళ్లు పని ఎట్లా చేస్తారంటే, ముందు కోర్సు పెట్టరు. ముందు యజమానుల దగ్గరికి పోతారు. 'మీకు ఎవరు కావాలె, ఎందరు కావాలె, ఏం వస్తే తీసుకుంటరు, ఎంత ఇస్తరు' అని అడుగుతారు. దాన్ని బట్టి పాఠం తయారు చేస్తారు. కంపెనీ మనిషిని తెచ్చి క్లాసు చెప్పిస్తారు. కొన్ని వారాలు అక్కడే పని నేర్పిస్తారు. నౌకరిలో చేరాక నెలనెలా కనుక్కుంటారు. ఇది మంచి పద్ధతే. ఎవరికీ అక్కరలేని టైలరింగు, టైపు నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపిన కాలం కంటే ఇది ముందడుగే.

మరి చిక్కు ఎక్కడ వచ్చింది? డబ్బు నడిచే దారిలో వచ్చింది. 2014 పథకం నిబంధనల్లో ఎస్సీ, ఎస్టీలకు సగం సీట్లు రాశారు. శిక్షణ అయినవాళ్లలో 70 శాతానికి ఉద్యోగం చూపాలన్నారు. మూడు నెలలు నిలిస్తే ఉద్యోగం వచ్చినట్టు లెక్క అన్నారు. సంస్థకు డబ్బు కిస్తీల్లో వస్తుంది. ఏడాది నిలిపితే అదనంగా ఇస్తామని కూడా రాశారు. కానీ పెద్ద కిస్తీలు ముందే వచ్చేట్టు పెట్టారు. అందుకని సంస్థ కళ్లన్నీ మూడు నెలల మీదే.

ఇంకొకటి చూడండి. సంస్థకు పిల్లలు వందల మంది దొరుకుతారు. వంద నౌకర్లు ఒకేసారి ఇచ్చే కంపెనీ ఒకటో రెండో దొరుకుతుంది. అప్పుడు సంస్థ ఎవరికి భయపడుతుంది? కంపెనీకే. పిల్లవాడు ఫోన్ చేసి 'సార్, చెప్పిన జీతం వేరు, ఇచ్చే జీతం వేరు' అంటే, 'సర్దుకో తమ్మీ' అంటుంది. వచ్చే బ్యాచ్ కూడా ఆ గేటు నుంచే పోవాలి గదా. ఆ సంస్థలో పనిచేసేవాళ్లు మంచివాళ్లా, చెడ్డవాళ్లా అనేది ఇక్కడ ప్రశ్న కాదు. ఒప్పందం కట్టిన తీరే అట్లాంటిది.

మేము కళ్లారా చూసింది చెబుతాం. మా వాడల నుంచి పిల్లలను ఒక సంస్థ పట్నం తీసుకపోయింది. పెద్ద దుకాణంలో కొలువు. హాస్టల్‌కు, అన్నానికి కోసుకుంటే చేతికి వచ్చింది ఇంటికి పంపేంత లేదు. విడిగా రూము చూసుకుందామని పోతే ఇంటావిడ అడిగిన మొదటి మాట 'మీరేమిట్లు?' రెండు ఇండ్లల్లో అబద్ధం చెప్పలేక వెనక్కి వచ్చారు. నాలుగో నెల దాటేసరికి సగం మంది హాలియా బస్టాండులో దిగారు. సంస్థ పుస్తకంలో మాత్రం వాళ్లందరూ ఉద్యోగస్తులే.

దగ్గరి మిల్లు సంగతి కూడా చెప్పాలి. మేమే ఒక మిల్లు ఓనరు దగ్గరికి పోయాం. 'హమాలీ పని అడగడానికి రాలేదు, ఐ.టి.ఐ. చదివిన పిల్లలున్నరు, మిషన్ మీద పెట్టండి' అన్నాం. ఆయన 'మీ పిల్లలు నిలవరు' అన్నాడు. కోపం వచ్చింది. కానీ ఇంటికొచ్చి ఆలోచిస్తే అందులో కొంత నిజం ఉంది. అంతకుముందు చేరిన ఇద్దరు ఎనిమిది రోజులకే మానేశారు. ఎందుకు మానేశారో మేమూ అడగలేదు, ఆయనా అడగలేదు. అడిగితే తెలిసింది. ఒకనికి రాత్రి షిఫ్టు అయ్యాక ఊరికి పోను బండి లేదు. ఇంకొకన్ని సూపర్‌వైజర్ ఇంటిపేరు అడిగాడు. ఆ మర్నాటి నుంచి మిషన్ మీంచి తీసి ఊడ్చే పనికి పెట్టాడు. ఒకటి బండి ముచ్చట, ఇంకొకటి కులం ముచ్చట. రెంటికీ 'నిలవరు' అని ఒకటే పేరు పెట్టారు.

మేము మళ్లీ పోయాం. ఈసారి బండి ఏర్పాటు మేం చూసుకుంటామన్నాం. ఏ పనికి చేర్చుకుంటున్నారో ఆ పని కాగితం మీద రాసి ఇమ్మన్నాం. ఆయన గొణుగుకుంటూనే రాసిచ్చాడు. ముగ్గురు చేరారు. ఒకరు పోయారు, ఇద్దరు నిలిచారు. ఇది పెద్ద విజయమని మేము చెప్పడం లేదు. ఒక చిన్న కాగితం ముక్క ఎంత పని చేస్తుందో చెబుతున్నాం.

ఇంటిపేరు సంగతి మన ఒక్క ఊరిది కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పండితులు ఒక పరీక్ష చేసి 2007లో అచ్చువేశారు. ఒకే చదువు, ఒకే అర్హత, పేర్లు మాత్రం వేరు పెట్టి ప్రైవేటు కంపెనీలకు అర్జీలు పంపారు. దళిత పేరున్న అర్జీకి పిలుపు వచ్చే అవకాశం పై కులం పేరున్న అర్జీ కంటే మూడింట ఒక వంతు తక్కువ. ముస్లిం పేరైతే ఇంకా తక్కువ. 'మాకు మెరిట్ కావాలె, కులం చూడం' అనేవాళ్లకు ఇది జవాబు. 2006లో పరిశ్రమల సంఘాలు దళితులను చేర్చుకుంటామని నియమావళి రాసుకున్నాయి. అది వాళ్ల ఇష్టం మీద నడిచేది. ఇష్టం మీద నడిచేదాన్ని దయ అంటారు, హక్కు అనరు.

మరి ఇంకో దారి ఉందా? ఉంది. అమెరికాలో శాన్ ఆంటోనియో అనే ఊళ్లో 1990లో లీవైస్ బట్టల ఫ్యాక్టరీ మూసి సుమారు వెయ్యి మందిని రోడ్డున పడేశారు. ఎక్కువ మంది మెక్సికన్ మూలాలున్న ఆడవాళ్లు. అక్కడి పేద బస్తీల ప్రజా సంఘాలు ఊరుకోలేదు. యజమానులను కూర్చోబెట్టి, 'ముందు నౌకర్లు ఎన్ని ఇస్తరో మాటివ్వండి, అప్పుడు శిక్షణ పెడదాం' అన్నాయి. అట్లా 1992లో ప్రాజెక్ట్ క్వెస్ట్ పుట్టింది. అక్కడ శిక్షణ సంస్థ, యజమాని ఇద్దరే మాట్లాడుకోలేదు. బస్తీ మూడో కుర్చీలో కూర్చున్నది. మనకు లేనిది ఆ మూడో కుర్చీయే.

అందుకని మేము ఈ సదస్సు ముందు అయిదు మాటలు పెడుతున్నాం.

ఒకటి. కోర్సుకు పేరు రాయకముందే నౌకరి కాగితం చూపాలి. ఏ పని, ఏ ఊరు, ఏ షిఫ్టు, కోతలు పోను చేతికి ఎంత. ఇది తెలుగులో రాసి వాడలో చదివి వినిపించాలి.

రెండు. యజమాని తన వంతు పెట్టాలి. నేర్పే మనిషినో, మిషన్ మీద సమయాన్నో, నేర్చుకునే రోజుల భత్యాన్నో ఇవ్వాలి. ఏమీ పెట్టనివాడు భాగస్వామి కాదు. ఊరికే జల్లెడ పట్టేవాడు.

మూడు. అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు పైగా పనిచేసే చోట అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే, మొత్తం సిబ్బందిలో రెండున్నర శాతం నుంచి 15 శాతం దాకా. ఆ చట్టంలోనే ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ సీట్ల రిజర్వేషన్ ఉంది. మన చుట్టూ ఉన్న ప్రతి ఫ్యాక్టరీని ఎందరిని తీసుకున్నారో, అందులో మనవాళ్లు ఎందరో అడుగుదాం. ఇది బతిమాలుకునేది కాదు, చట్టం.

నాలుగు. ఒక్కో ఓనరు గుమ్మం ఎక్కడం కాదు, మిల్లర్ల సంఘంతో మాట్లాడాలి. ఒక్క గేటు మీద ఆధారపడిన సంస్థ నోరెత్తలేదు. పది గేట్లు ఉంటే ఒకడు కాదన్నా ఇంకొకడు ఉంటాడు. బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్, సార్టెక్స్ ఆపరేటర్ పని, కాటా లెక్కలు, ఇవి అన్ని మిల్లులకూ కావాలి.

అయిదు. లెక్క మూడు నెలలకు కాదు, ఏడాదికి తీయాలి. ఎందరు నిలిచారు, ఎందరు ఎదిగారు, ఎవరు ఎందుకు మానేశారు. ఆడపిల్లల లెక్క విడిగా ఉండాలి. ఆ లెక్క చదివే రోజు సంస్థ, యజమాని, వాడ ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. శిక్షణకు పెట్టేది ప్రజల సొమ్ము. అందులో ఎస్సీల నిధి పైసా ఉంటే అడిగే హక్కు మనకు ఇంకా ఎక్కువ.

మన బాధ్యత కూడా ఉంది. పిల్లవాడు మానేసి వస్తే 'పోనీలే' అనుకోవద్దు. ఎందుకు వచ్చావని అడిగి రాసి పెట్టుకుందాం. ఆడపిల్లను పంపడానికి భయపడితే ఆ భయం ఏమిటో సంస్థ ముందు చెబుదాం. రాసి పెట్టుకోనిది రేపు బల్ల మీద నిలవదు.

మన తాతలు పిలుపు వస్తే వెట్టికి పోయారు, ఎందుకని అడిగే వీల్లేకుండా. మన పిల్లలు కొలువుకు పోతున్నారు. వెట్టికీ కొలువుకూ తేడా జీతం ఒక్కటే కాదు. షరతులు అడిగి, విని, ఒప్పుకొని, సంతకం పెట్టడం. ఈసారి ఎవరన్నా సంస్థవాళ్లు వాడలోకి వస్తే కూర్చోబెట్టండి, చాయ్ ఇవ్వండి, మర్యాద చేయండి. తర్వాత ఒక్క మాట అడగండి: 'సారూ, ఒప్పందం కాగితం ఏదీ, మా సంతకం ఎక్కడ?'

జై భీమ్.