తెర మీద మన మనుషులు

పుస్తకంలోని మనిషి తెరకెక్కేటప్పుడు జాతి, భాష మారవచ్చా?

ప్రేమ్‌చంద్ కథ 'కఫన్' చూడండి. గుడిసెలో కోడలు పురిటినొప్పులతో అల్లాడుతుంటే, బయట తండ్రీకొడుకులు నిప్పుల్లో కాల్చిన ఆలుగడ్డలు తింటుంటారు. ఆ ఉత్తరాది ఘీసూ, మాధవ్‌లను 1977లో మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ'లో తెలుగు వెంకయ్య, కిష్టయ్యలను చేశారు. కోడలిగా బెంగాలీ నటి మమతా శంకర్ నటించారు. మనుషులు మారారు, ఆకలి మారలేదు. అందుకే ఆ మార్పు నిలబడింది.

2021లో వచ్చిన 'కొండపొలం'కు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ఆధారం. కరువులో గొర్రెలను నల్లమలకు తోలుకెళ్లే కాపరుల కథ అది. సినిమాలో కాపరి పిల్ల ఓబులమ్మగా నటించింది ఢిల్లీలో పుట్టిన పంజాబీ నటి రకుల్ ప్రీత్ సింగ్.

ఆ నల్లమల మన నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ దాకా ఉంది. గద్వాల, వనపర్తి పల్లెల్లోనూ మంద వెంట నడిచిన ఆడపిల్లలున్నారు. నటనకు జాతి అడ్డు కాకూడదు. కానీ కాపరి పాత్రకు కాపరి బిడ్డను, చెంచు పాత్రకు నల్లమల గూడేలైన పెంటల్లోని చెంచు యువతను ముందుగా పిలిచి చూడాలి. ఆ అవకాశం వాళ్ల హక్కు.