అత్తమ్మను కూచోబెట్టుడే సేవ కాదు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, రికవరీ లెక్కలు ముందు మాట్లాడినవాళ్లు చెప్పిండ్రు. మేము మన ఇండ్లల్ల ఉన్న పెద్దమనుషుల గురించి మాట్లాడుతం. ఇది కూడా సంఘం ముచ్చటే. మన పాత సభ్యులు అరవైకి దగ్గరపడ్డరు. కట్టని కిస్తు కట్టిన అని గొడవపడే అక్కలు కనబడుతున్నరు. అబద్ధమాడుతున్నదని మనం అనుకుంటం. కొందరి విషయంలో అది అబద్ధం కాకపోవచ్చు, మతిమరుపు జబ్బు మొదలై ఉండవచ్చు. డాక్టర్లు దీన్ని డిమెన్షియా అంటరు.

మన దేశంలో 60 ఏండ్లు దాటినవాళ్లలో నూటికి 7 మందికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నదని 2023లో వచ్చిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో, పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ అని తేలింది. అంటే ఇది మన గడప లోపలి ముచ్చట.

అదుపులో లేని బీపీ, షుగర్, వినికిడి తగ్గుడు, ఒంటరితనం, ఒళ్లు కదలకపోవుడు, ఇవన్నీ ఈ జబ్బు ముప్పును పెంచుతయి. జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ ఒళ్లు కదిలించుడు మన చేతిలో ఉన్నది. 65 దాటినవాళ్లు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడక లాంటిది చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది.

ఈ మాట చెప్పడానికి మేము ఇల్లిల్లు తిరిగినం. మూడు జవాబులు విన్నం.

మొదటిది: "జిందగంత నాట్లేసినం, కలుపు తీసినం. ఇంకా ఎక్సర్‌సైజ్ ఏంది?" ఆ మాటలో న్యాయం ఉన్నది. కానీ ఇప్పుడు నల్లా వాకిట్లకే వచ్చింది, పొలానికి మిషన్లు వచ్చినయి, కొడుకులు ఇంట్లనే ఉండమన్నరు. నిన్న తిన్న అన్నం ఇయ్యాల్టి ఆకలి తీర్చదు గదా!

రెండోది కోడండ్ల మాట: "అత్తమ్మ చీపురు పడితే వాడకట్టంత నన్నే అంటది." నిజమే, మాట పడేది కోడలే. అందుకే మంచంల కూచోబెట్టి, నీళ్లు కూడా చేతికే అందిస్తం. ప్రేమతోనే చేస్తం. కూచుంటే కాళ్లు పట్టేస్తయి. కాళ్లు పట్టేస్తే పడిపోతనని భయమైతది. భయమైతే బయటికి రాదు, మాట్లాడే మనిషి దొరకదు. చాకిరీ చేయించమని మేము అంటలేము. ఆమె తనకు తానుగా చేస్తానన్న పని గుంజుకోవద్దంటున్నం. ఇది ఒక్క కోడలు చెప్తే తప్పు పడతరు, సంఘమంత కలిసి చెప్తే వింటరు.

మూడోది: "ఈ వయసుల ఉత్తగ నడిస్తే నవ్వరా?" గుడికి పోతే, పాల కేంద్రానికి పోతే ఎవరూ నవ్వరు. ఉత్త నడకకే సిగ్గు. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టుకుంట, వంగుకుంట తిరిగే అవ్వను చూసి ఎవరన్న నవ్విండ్రా? కాళ్లు, చేతులు, పాట గుర్తుపెట్టుకునే మెదడు, మూడింటికీ అది పనే. అది తొమ్మిది రోజులకే ఎందుకు ఆగాలె?

మా ఊర్లె ఏం చేస్తున్నమో చెప్తం. సాయంత్రం ఎండ తగ్గినంక బొడ్రాయి కాడ కలుస్తం. ప్రతి పెద్దమనిషి పక్కన ఒక చిన్న వయసు సభ్యురాలు ఉంటది. నడుచుకుంట మాట్లాడగలగాలె, పాట పాడేంత ఊపిరి మాత్రం మిగలొద్దు. అది సరైన నడక. వారంలో మూడు రోజులు గోడ పట్టుకొని ఒంటికాలి మీద నిలబడుడు కూడా చేయిస్తం. పడిపోకుండా అది పనికొస్తది. మొదలు నలుగురే వచ్చిండ్రు. ఇప్పుడు రానివాళ్లను వచ్చినవాళ్లే పిలుచుకొస్తున్నరు.

కొన్ని జాగ్రత్తలు. ముందుగా పల్లె దవాఖానల బీపీ, షుగర్ చూపించాలె. ఛాతీ నొప్పి, ఆయాసం, కండ్లు తిరుగుడు ఉంటే డాక్టరు చెప్పినంకనే నడవాలె. నడిస్తే జబ్బు రానే రాదని మేము చెప్పం, ముప్పు తగ్గుతదని చెప్తం. ఇప్పటికే దారి మరిచిపోతున్నవాళ్లను, రోజువారీ పనులు మరుస్తున్నవాళ్లను ఒంటరిగా పంపొద్దు, దవాఖానకు తీసుకుపోవాలె. సలహా కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉన్నది.

అక్కలారా, మనం ఒక్కరితోని కానిది పది మందితోని చేసుడు సంఘంలనే నేర్చుకున్నం. ప్రతి గ్రామ సంఘం వచ్చే నెల సమావేశంలో దీని మీద తీర్మానం రాసుకోవాలని కోరుతున్నం. రేపు మనం కూడా ముసలోళ్లమైతం. అప్పుడు మన కోడండ్లు మనల్ని మంచంల కూచోబెడతరా, చెయ్యి పట్టుకొని నడిపిస్తరా అన్నది ఇయ్యాల మనం పెట్టే అలవాటును బట్టే ఉంటది.