అమ్మమ్మల పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

(మహిళల సదస్సులో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



ముందుగా మీ అందరికీ ఒక పని. కాగితం మీద మీ నాన్న, తాత, ముత్తాత పేర్లు రాయండి. పక్కనే అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి పేర్లు రాయండి. నేను వెళ్ళిన చాలా సమావేశాల్లో మొదటి వరస నిండింది, రెండోది మధ్యలో ఆగిపోయింది. ఇది మన జ్ఞాపకశక్తి లోపం కాదు. ఇంటిపేరు, గోత్రం, ఆస్తి తండ్రి నుంచి కొడుక్కి నడిచే సమాజంలో వంశవృక్షం కూడా అదే దారిన నడుస్తుంది. కూతురి దగ్గర కొమ్మ ఆగిపోతుంది. కోడలు 'ఫలానావారి భార్య'గా మిగులుతుంది.

కుటుంబ చరిత్ర అంటే పూర్వీకుల గొప్పలు తవ్వుకోవడం అని చాలామంది అనుకుంటారు. మనకు కావలసింది అది కాదు. ఎవరు చాకిరీ చేశారు, ఎవరి చేతిలో ఏముండేది, ఎవరి చేతి నుంచి ఏది జారిపోయింది అన్నవే మన ప్రశ్నలు. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను వాళ్ళ మాటల్లోనే మన ముందు పెట్టింది. అదే పని మన ఇళ్ళలోనూ చెయ్యవచ్చు.

ఇంట్లో అందరికన్నా పెద్ద స్త్రీతో మొదలుపెట్టండి. కాగితాలు ఆగుతాయి, ఆమె ఆగదు. 'నీ జీవితం గురించి చెప్పు' అంటే 'నాదేముంది చెప్పడానికి' అంటుంది. అందుకని చిన్న ప్రశ్నలు వెయ్యండి. పుట్టింట్లో నిన్నేమని పిలిచేవారు? పెళ్ళయ్యాక పేరు మార్చారా? కాపురానికి ఏం తెచ్చుకున్నావు? ఎన్ని కాన్పులు, ఎంతమంది బతికారు? కూలి డబ్బు ఎవరి చేతికిచ్చేదానివి? సంవత్సరాలు అడిగితే చెప్పలేకపోవచ్చు. 'పోలీసు చర్య నాటికి నీకు పెళ్ళయిందా?' అంటే 1948కి అటో ఇటో తేలుతుంది. 'దివిసీమ ఉప్పెన నాటికి పిల్లాడు ఎంతవాడు?' అంటే 1977 లెక్క దొరుకుతుంది. మగవాళ్ళు పక్కన లేనప్పుడు అడగండి. జవాబుల్లో తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత కాగితాలు. ఆంధ్ర ప్రాంతంలో పాత అడంగళ్ళు, తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ భూమి ఎవరి పేరున ఉండేదో చెబుతాయి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీస్తే రిజిస్టరైన లావాదేవీలు కనిపిస్తాయి, దస్తావేజు నకలు అడిగి తీసుకోవచ్చు. మా అమ్మమ్మ తల్లికి పసుపు కుంకుమల కింద ఎకరం పొలం ఇచ్చారని అమ్మమ్మ చెప్పింది. పక్కన చెరువు గట్టు, తాటితోపు ఉండేవని గుర్తులు కూడా చెప్పింది. నేను చూసిన అడంగళ్ళలో ఆ పొలం మొదట ఆమె భర్త పేరున, తర్వాత కొడుకుల పేరున ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు. చివరికి పక్క పొలంవాళ్ళ అమ్మకం దస్తావేజులో, హద్దులు రాసేచోట, 'తూర్పు: ఫలానా అమ్మగారి పొలం' అని కనిపించింది. సొంత పొలం కాగితంలో లేని మనిషి పక్కవాళ్ళ పొలానికి హద్దుగా మిగిలింది! అందుకే మీ కాగితాలతో ఆగవద్దు, ఇరుగుపొరుగు దస్తావేజుల్లో హద్దులు కూడా చదవండి.

భూమి లేని కుటుంబాలకు ఈ దారి చాలావరకు మూసుకుపోయి ఉంటుంది. భూమి కాగితాలనే చరిత్ర అనుకుంటే దళిత స్త్రీలను రెండోసారి చెరిపేసినట్టే. అక్కడ బడి రిజిస్టర్లు, చర్చిల్లో బాప్తిస్మం, పెళ్ళి రిజిస్టర్లు, అసైన్‌మెంట్ పట్టాలు చూడాలి. నాట్లప్పుడు పాడిన పాటలు, వలస వెళ్ళిన ఊళ్ళ పేర్లు కూడా ఆధారాలే.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ళ సరదా అనుకోకండి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి కూతుళ్ళకు వాటా ఇచ్చింది, కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళను పక్కన పెట్టింది. 2005 కేంద్ర సవరణ పెళ్ళితో నిమిత్తం లేకుండా కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలు చెల్లుతాయి. అంటే ఆస్తి పంచుకున్నది ఎప్పుడు, ఎలా అన్న వివరం మీద ఒక స్త్రీ హక్కు నిలబడుతుంది, లేదా పోతుంది. ఆ వివరం అన్నదమ్ముల దగ్గర మాత్రమే ఎందుకుండాలి?

ఒక జాగ్రత్త. అడిగేకొద్దీ దాచుకున్న సంగతులు బయటికొస్తాయి. రెండో పెళ్ళి, వదిలేసిన భార్య, బాల్య వివాహం, నూతిలో పడి చనిపోయిన ఆడపడుచు. చెప్పిన మనిషిని అడగకుండా వాటిని నలుగురిలో పెట్టకండి. తన పేరు రాయమంటే రాయండి, వద్దంటే మానండి. ఆమె మాటను ఇంతకాలం వినని ఇంట్లో, ఆ మాట మీద అధికారం ఆమెకే ఉండాలి.

ఒక నోటుపుస్తకం చాలు. మొదటి పేజీలో మీ అమ్మ పుట్టింటి ఇంటిపేరు రాయండి. ఆ కింద ఆమె తల్లిని పుట్టింట్లో ఏమని పిలిచేవారో రాయండి. తెలియకపోతే ఈ ఆదివారమే వెళ్ళి అడగండి.